మొగలో కొండ

ఉష నాలుగున్నరకి వస్తుంది, బెంజి సర్కిల్ దగ్గర బస్సు ఇరుక్కుంటే అయిదవుతుంది అని చెప్పి ఈ పిల్లల ఇల్లు నడిపే సొలొమోను గారు లోపలికి వెళ్లారు. ఇప్పుడు మూడు నలభై. గడియారం కింద పొడుగు బల్ల మీద నేనూ రావమ్మా కూర్చున్నాం, మా మధ్య ఆమె తెచ్చిన స్టీలు క్యారేజీ, అందులోంచి ఎండు రొయ్యల వేపుడు వాసన ఫినాయిలు వాసనని తోసుకుంటూ సన్నగా వస్తోంది. పటమటలో ఈ పిల్లల ఇంటి మెట్లు పన్నెండేళ్లుగా ప్రతి ఆదివారం ఎక్కుతున్నాను, కానీ ఈ బల్ల మీద ఎప్పుడూ కూర్చోలేదు. ఇది పిల్లల్ని వెతుక్కుంటూ వచ్చినవాళ్ల బల్ల. వచ్చి, లేరని తెలుసుకుని, మంచినీళ్లు తాగి వెళ్లిపోయేవాళ్ల బల్ల. నేను లోపలి మనిషిని, నేరుగా వెళ్లి పిల్లల జడలు వేసి, ఎక్కాలు అప్పజెప్పించుకుని, ఉషని వెంటబెట్టుకుని వచ్చేసేదాన్ని. ఇవాళ రావమ్మ పక్కన కూర్చోవలసి వచ్చింది, కూర్చుంటే తెలిసింది, ఈ బల్లకి ఒక కాలు పొట్టి అని, ఎవరు కదిలినా రెండోవాళ్లకి తెలుస్తుందని. ఉష వచ్చేలోగా నేను ఈమెతో ఒక మాట చెప్పాలి. చెప్పకపోతే ఉష ఈమెకి రెండోసారి కూడా కూతురు కాకుండా పోతుంది. ఇంకా యాభై నిమిషాలు ఉన్నాయి. ఒక్క మాటకి అరనిమిషం చాలు.

కొత్తమనిషి వచ్చిందని లోపల తెలిసిపోయినట్టుంది. తలుపు సందులో ముందు రెండు కళ్లు, తర్వాత నాలుగు. ఇక్కడి పిల్లలకి ఒక అలవాటుంది, బల్ల మీద ఎవరైనా కూర్చున్నారని తెలియగానే తల దువ్వుకుంటారు. ఎవరూ నేర్పలేదు. స్టేషనులో దొరికినవాళ్లు, బస్టాండులో దొరికినవాళ్లు, అమ్మ ఉండీ రానివాళ్లు, అందరూ కొళాయి నీళ్లు చేత్తో పట్టి జుట్టుకి రాసుకుని ఏదో పనున్నట్టు ఈ గదిలోంచి ఒకసారి దాటి వెళతారు. తమని కాదని తెలిశాక మళ్లీ ఆటలో పడతారు, అంత తొందరగా ఎలా పడతారో నాకు ఇన్నేళ్లయినా అర్థం కాలేదు. జుబియా వచ్చింది, ఆరేళ్లది, నుదుటి మీద నీళ్లు కారుతున్నాయి, రావమ్మ మోకాళ్ల దగ్గర నిలబడి క్యారేజీ వైపు చూస్తూ, "మీరెవరి అమ్మండీ?" అంది. రావమ్మ నా వైపు చూసి, దాని వైపు చూసి, "ఇంకా తెలీదే. నువ్వెవరి పిల్లవి?" అంది. "సొలొమోను సార్ పిల్లని. అందరం ఆయన పిల్లలమే, డెబ్బైమంది." "ఓలమ్మా, వాళ్లావిడెట్టా కన్నదే ఇంతమందిని?" జుబియా పళ్లన్నీ కనపడేట్టు నవ్వి లోపలికి పరుగెత్తింది. రావమ్మ కూడా నవ్వింది. నవ్వితే ఎడమ బుగ్గ కొంచెం లోపలికి పోయింది. ఉషకీ అలాగే అవుతుందా? అవుతుందనే అనిపిస్తోంది, కానీ ఇవాళ నాకు ఎవరి బుగ్గ చూసినా ఉష బుగ్గలానే అనిపిస్తుంది, నా కళ్ల మాట నేను నమ్మదలుచుకోలేదు, చెవుల మాట నమ్మే ఇంత పని చేశాను.

చెవులే కదా నా ఉద్యోగం. టెలిఫోను ట్రంకు ఎక్స్ఛేంజిలో దూరపు ఊళ్ల కాల్స్ కలుపుతూ పదిహేనేళ్లు తలకి హెడ్‌సెట్ తగిలించుకుని కూర్చున్నాను. గుడి అనగానే గుడివాడ, చల్ల అనగానే చల్లపల్లి, రేప అనగానే రేపల్లె, అవతలి మనిషి మాట పూర్తయ్యేలోగా నా వేళ్లు తీగ గుచ్చేసేవి. పద్మశ్రీ సీటులో కాల్ ఎదురుచూడదు అని సూపర్‌వైజరు కొత్తగా చేరిన పిల్లలకి నన్ను చూపించేది. సగం మాట విని మిగతా సగం నేనే వేసుకోవడం, అదీ నా పనితనం. గరగర శబ్దంలో, ఏడుపులో, దగ్గులో, చావుకబుర్లలో, ఊరి పేరు ఎక్కడున్నా పట్టేసేదాన్ని. తొంభై రెండు పుష్కరాల్లో మా ఆఫీసు వాళ్లం వాలంటీర్లుగా వెళ్లాం, నన్ను తప్పిపోయినవాళ్ల డేరాలో కూర్చోబెట్టారు, నా చేతిరాత బాగుంటుందని, వినికిడి ఇంకా బాగుంటుందని. పిల్లలు చెప్పింది నేను చీటీ మీద రాస్తే పక్కన ఒకాయన మైకులో చదివేవాడు. మూడో రోజు మధ్యాహ్నం ఎవరో పోలీసాయన ఒక ఆడపిల్లని తెచ్చి నా ముందు నిలబెట్టాడు, నాలుగేళ్లుంటాయి, ఎర్ర గౌను, ఒళ్లంతా రేవు బురద, ఏడ్చి ఏడ్చి వెక్కిళ్లు పడుతోంది. పేరేంటమ్మా అంటే అమ్మాయి అంది. ఊరేది అంటే మొగ అంది. మొగ, తర్వాత వెక్కిలి. నా వెనక చాంతాడంత వరస, ఒక తల్లి నా భుజం పట్టుకు ఊపేస్తోంది. మొగల్రాజపురమా తల్లీ, అన్నాను. నవ్వుతూ అన్నాను, ఆ నవ్వే నాకు ఇప్పుడు గుచ్చుకుంటోంది. పొద్దుటి నుంచి దాని మొహంలోకి చూసి నవ్విన మొదటి మనిషిని నేను, నేనేమంటే దానికి తల ఊపి ఉండేది. ఊపింది. తర్వాత కొండల అంది, లేదా అన్నట్టు నాకు గుర్తు. కొండ దగ్గరా మీ ఇల్లు, అన్నాను. దానికీ ఊపింది. రాశాను. నాలుగేళ్ల పాప, ఎర్ర గౌను, మొగల్రాజపురం, కొండ దగ్గర ఇల్లు. బిస్కెట్టు చేతిలో పెట్టాను. ఎంత చక్కగా చెప్పిందో చూడండి అని పక్కాయనతో అన్నాను కూడా.

ఆ సాయంత్రం దాకా మైకు అరిచింది, ఎవరూ రాలేదు. పుష్కరాలు అయ్యాక సొలొమోను గారు పిల్లని ఇక్కడికి తెచ్చారు. మూడు రోజులు రిక్షాలో మొగల్రాజపురం అంతా తిప్పాం, కొండ కింద ప్రతి సందూ, పాత గుహల దగ్గర మేకలు కట్టేసుకున్నవాళ్లనీ అడిగాం. ఈ పిల్ల మీదా, ఈ పిల్ల మీకు తెలుసా. తెలియదు, తెలియదు. మూడో రోజు చీకటి పడ్డాక అది నా భుజం మీదే నిద్రపోయింది, దాని వేడి ఊపిరి నా మెడకి తగులుతోంది, నాకు అప్పుడేమనిపించిందో ఇన్నేళ్లలో ఒక్కరికీ చెప్పలేదు, నాకూ నేను సరిగ్గా చెప్పుకోలేదు. హమ్మయ్య అనిపించింది. ఉష అని పేరు నేనే పెట్టాను. ఆదివారాలు నా గదికి తీసుకెళ్లేదాన్ని, తలంటి పోసేదాన్ని, సాయంత్రం దింపి వచ్చాక గదిలో కుంకుడుకాయ వాసన రెండు రోజులుండేది. ఏడేళ్లప్పుడు ఒకరోజు అన్నం తింటూ, మా ఇంటి వెనక గుహ ఉండేది ఆంటీ, అందులో మేకలుండేవి, అటు వెళ్లద్దని మా అమ్మ తిట్టేది, అంది. ఆ మేకలు మేం రిక్షాలో వెళ్లి చూసినవి. ఆ గుహ నేను చూపించింది. అప్పుడే నాకు తెలియాలి, మనసు గురించి అన్ని పుస్తకాలు చదివిన దాన్ని, జ్ఞాపకమనేది దాచిపెట్టిన వస్తువు కాదనీ, ఎవరు ఎలా అడిగితే అలా తయారవుతుందనీ కింద గీతలు గీసుకుని మరీ చదివినదాన్ని. అవునా, ఎన్ని మేకలుండేవి, అన్నాను. మూడు అంది. అప్పటి నుంచి మూడే. ఈ మేడ మీద కిటికీలోంచి మొగల్రాజపురం కొండ కనపడుతుంది, అదుగో, ఇప్పుడూ కనపడుతోంది, ఎండలో తెల్లబోయి. ఉష పడుకునే ముందు రోజూ ఆ కిటికీ దగ్గర నిలబడేదట. పక్కపిల్లలకి స్టేషన్లూ బస్టాండులూ ఉంటే దీనికి కొండ ఉండేది. మా కొండ, అనేది. డ్రాయింగులో ఎప్పుడూ కొండే, కొండ కింద ఇల్లు, ఇంటి ముందు గీతల్లాంటి ఇద్దరు మనుషులు.

ఈ ఏడు మళ్లీ పుష్కరాలు. మళ్లీ అదే రేవు, అదే డేరా, ఇప్పుడు ట్రంకు బుకింగులు లేవు, నన్నేదో ఫైళ్ల సెక్షనులో వేశారు, అయినా పుష్కరాలనగానే పాతవాళ్లని పిలిచారు. వరసలో నిలబడి నిలబడి రావమ్మ వచ్చింది. చీటీలు రాసేది నేను కాదు, మణికుమార్ అనే కుర్ర క్లర్కు. ఎవరు తప్పిపోయారమ్మా అన్నాడు. మా అమ్మాయి బాబూ. ఎప్పుడు? పోయిన పుష్కరాల్లో. డేరాలో అందరూ ఒక్క క్షణం ఆగి, నవ్వారు. "పోయిన పుష్కరాల పాప ఇప్పుడు పెళ్లీడుకొచ్చుంటది కదమ్మా, మైకులో ఏమని పిలవమంటావు?" అన్నాడు మణికుమార్. "అమ్మాయీ అని పిలువు బాబూ. అదే దాని పిలుపు. ఇక్కడే తప్పిపోయింది గదా, ఈ పన్నెండేళ్లకి ఈడికే వస్తదేమోనని." అతను నవ్వు ఆపుకుని కలం తీశాడు, సరే, ఊరు చెప్పు, అన్నాడు. "మొగ." "మొగల్రాజపురమా?" అన్నాడు. అచ్చు అలాగే. నా గొంతే విన్నట్టయింది నాకు, చేతిలో మంచినీళ్ల గ్లాసు ఉంది, అది ఎక్కడ పెట్టానో గుర్తులేదు. "కాదు బాబూ, మొగ. అవనిగడ్డ దాటి ఇంకా పోవాలి, బస్సు ఆగిపోయిన కాణ్ణించి పడవ. కిష్ణ సముద్రంలో కలిసేకాడ. కాయితాల్లో వేరే పేరుంది గానీ మేం మొగంటాం." పెద్దమనిషి కాబట్టి కాదు అనగలిగింది. నాలుగేళ్ల పిల్ల వెక్కుతూ బిస్కెట్టు ఇచ్చే మనిషిని కాదనగలదా.

ఆమెని పక్కకి తీసుకెళ్లాను. మీ పిల్ల కావచ్చు, ఒకమ్మాయి ఉంది, చూద్దువు గాని, అన్నాను. ఎందుకు కావచ్చో చెప్పలేదు. సొలొమోను గారికీ చెప్పలేదు, తేదీ కలిసిందండీ అన్నాను, అంతే. చెబుదామనే అనుకున్నాను. ఇవాళ మధ్యాహ్నం బస్టాండులో ఆమె బస్సు దిగినప్పుడు చెబుదామనుకున్నాను, ఆటోలో చెబుదామనుకున్నాను. అప్పుడు ఆటోలో రావమ్మే మాట్లాడింది, రోడ్డు వైపు చూస్తూ, నాతో కాక ఆ గాలితో మాట్లాడుతున్నట్టు. "మైకులో ఇన్నామండీ ఆ రోజు. ఎర్ర గౌను, నాలుగేళ్ల పిల్ల అని పదిసార్లు అరిచారు. మాయన పోయి చూద్దాం అన్నాడు. నేనే వద్దన్నాను. మొగల్రాజపురం పిల్లని చూసి ఏం జేత్తాం, ఇక్కడ మన పిల్ల రేవులో యాడ ఏడత్తందో, పద అన్నాను. మనమూ చీటీ రాయించొచ్చని అప్పుడు మాకు తెలీదు గదా. ఎర్ర గౌనులు ఎంతమందికి ఉంటయ్యి అమ్మగారూ. ఆయన ఎప్పుడైనా తాగితే మాత్రం అనేవాడు, పోయి చూడాల్సిందే అని. నేను తిట్టేదాన్ని." ఆటో పటమట మలుపు తిరిగింది. ఆ డేరాకీ ఆమె నిలబడ్డ చోటుకీ మధ్య నూరు అడుగులుంటాయేమో. నా మాట చెప్పడమంటే, నువ్వు వద్దన్నది నీ పిల్లనే అని ఆమెకి చెప్పడం. ఆమె మీద జాలితోనే చెప్పడం లేదని ఇప్పటి దాకా అనుకుంటున్నాను, ఈ బల్ల మీద కూర్చుని, ఆమె కదిలినప్పుడల్లా కొంచెం పైకి లేస్తూ. జాలి ఉంది, నిజమే. కానీ దాని కింద ఇంకోటి ఉంది. చెబితే ఉష నన్ను చూసే చూపు. చెబితే వచ్చే ఆదివారం. అన్నీ తెలిసిన మనిషి తనకి తాను చెప్పుకునే అబద్ధాలు ఎంత నీటుగా ఉంటాయో.

సొలొమోను గారు ఒక ఫారం పట్టుకుని వచ్చి ఎదురుగా కుర్చీ వేసుకున్నారు. "చూడమ్మా రావమ్మా, నువ్వు చెప్పేదీ పిల్లకి గుర్తున్నదీ కలవాలి. ఒకసారి ఒకళ్లొచ్చి తమది కాని పిల్లని తీసుకుపోబోయారు, అందుకని పిల్ల వచ్చాక ముందు తననే అడుగుతాను, ఈలోగా ఫారం నింపుదాం. ఏమనుకోవద్దు." "అడగండి బాబూ, న్యాయమే గదా." "తండ్రి పేరు?" రావమ్మ తల దించుకుంది. "నేను సెప్పకూడదు గదండీ." "ఆయన పోయి రెండేళ్లయిందన్నావు, ఇంకా చెప్పకూడదా?" "ఆయన పోతే పేరు పోద్దా అండీ," అంది. సొలొమోను గారు కలం పట్టుకుని ఎదురుచూస్తున్నారు. రావమ్మ గదంతా చూసింది, గడియారం, గోడ మీద పలకలు, తీగ మీద ఆరేసిన రిబ్బన్లు, కిటికీ. కిటికీ దగ్గర ఆమె చూపు ఆగింది, చెయ్యి ఎత్తి బయటికి చూపించింది, కొంచెం సిగ్గుపడుతూ. "అదుగో, అదేనండీ. చివర అయ్య పెట్టుకోండి." "కొండయ్యా?" "ఒకటి కాదండీ, శానా ఉండాల." "కొండలయ్య," అన్నారు సొలొమోను గారు నవ్వి. ఆమె తల ఊపింది. ఆయన రాసుకున్నారు. కొండల. నేను గోడకి ఆనుకున్నాను. కొండ దగ్గరా మీ ఇల్లు అని నేనడిగింది తర్వాత. దాని కంటే ముందు ఇంకో ప్రశ్న అడిగాను, అందరు పిల్లల్నీ అదే వరసలో అడిగేదాన్ని, పేరు, ఊరు, నాన్న పేరు. నాన్న పేరేంటి తల్లీ. కొండల, అంది, వెక్కిలి పడింది. ఆ పిల్ల తన ఊరు చెప్పింది, తన తండ్రి పేరు చెప్పింది, నాలుగేళ్ల పిల్ల, తప్పిపోయిన పిల్ల, చెప్పాల్సిన రెండు మాటలూ చెప్పింది. నేను ఊరిని పేటని చేశాను, తండ్రిని కొండ చేశాను. పన్నెండేళ్లు అది పడుకునే ముందు ఆ కిటికీలో చూసుకుంటున్నది ఆయన్ని.

మెట్ల మీద అడుగులు. రెండేసి మెట్లు ఎక్కుతుంది ఎప్పుడూ, చెప్పినా వినదు. ఉష లోపలికి వచ్చి నన్ను చూసి ఆగింది, కాలేజీ సంచి భుజం మీంచి జారింది. "ఏంటాంటీ, ఇవాళ శనివారం. ఆదివారం అనుకుని వచ్చేశారా?" అంది. అప్పుడు పక్కన రావమ్మని చూసింది, చూడగానే చెయ్యి తనంతట అదే జుట్టు మీదికి వెళ్లింది, సరిచేసుకుంది. పదహారేళ్లొచ్చినా. సొలొమోను గారు అన్నారు, "ఉషా, నీకు మీ ఇంటి గురించి ఏం గుర్తుందో ఈవిడకి చెప్పు." నాకు ఆఖరి పిరికి ఆలోచన ఒకటి వచ్చింది, దానికే గుర్తొస్తే, దానంతట అదే అంటే, నేను చెప్పనవసరం లేదు. ముందుకి వంగి, "ఉషా, మొగ..." అన్నాను, అని ఆపాను. మాట మధ్యలో ఆపడం నాకు చేతకాని పని, పళ్లు బిగబట్టి ఆపాను. ఉష నవ్వింది. "ల్రాజపురం. ఏంటాంటీ, పరీక్షా?" అంది. రావమ్మ వైపు తిరిగి పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. కొండ కింద ఇల్లండీ. వెనక గుహ, మూడు మేకలు. కొండ బాగా గుర్తు.

రావమ్మ చాలాసేపు దాని మొహంలోకే చూసింది. తర్వాత లేచింది, ఆమె లేవగానే బల్ల నా వైపు ఒరిగింది. "మా కాడ కొండ లేదండీ," అంది. "కంటికి ఆనినంత మేరా ఇసకా నీళ్లూనే. ఈ అమ్మాయి కాదు. సల్లగా ఉండు తల్లీ, బాగా సదూకో." క్యారేజీ చేతిలోకి తీసుకుని, మళ్లీ బల్ల మీదే పెట్టింది. "పిల్లలకి పెట్టండి బాబూ." గుమ్మం దాకా వెళ్లింది, చెప్పులో కాలు పెట్టింది, రెండో చెప్పు కోసం చూస్తోంది. పన్నెండేళ్ల కిందట కూడా ఇలాగే తిరిగి ఉంటుంది, మైకు వైపు ఒకసారి చూసి, పద అని.

"రావమ్మా, ఆగు," అన్నాను. "ఆ కొండ నేను పెట్టింది. ఆ రోజు డేరాలో చీటీ రాసింది నేనే. ఊరేదంటే పిల్ల మొగ అంది. మొగ అని మాత్రమే అంది. మిగతా మాట నేను కలిపాను. నాన్న పేరడిగితే కొండల అంది, నేను కొండ అని రాసుకున్నాను. మైకులో మీరు విన్నది నేను రాసిందే. ఆ ఎర్ర గౌను ఇదే."

సొలొమోను గారి కలం కాయితం మీద ఆగిపోయింది. రావమ్మ ఒక చెప్పుతోనే వెనక్కి వచ్చింది, నన్ను తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండేది. బల్ల మీద కూలబడి, క్యారేజీ ఒళ్లోకి తీసుకుని, దాని మూత వేలితో తడుముతూ, "పోయి సూద్దాం అన్నాడు," అంది. ఇంకోసారి అంది. ఉష మా ఇద్దరి వైపూ చూడలేదు, కిటికీ వైపు తిరిగింది, కొండ మీదికి మబ్బు వచ్చి అది గోడలా నల్లబడుతోంది. "మరి నాకు గుర్తుంది కదాంటీ," అంది. గొంతు నాలుగేళ్ల పిల్లది. "కొండ నాకు నిజంగా గుర్తుంది." నోరు తెరిస్తే మళ్లీ ఏదో ఒకటి కలుపుతాను. రావమ్మ తలెత్తింది, పెదవులు రెండుసార్లు తెరిచి మూసుకుంది, పెళ్లయిన నాటి నుంచీ ఒక్కసారి కూడా అనని మాట నోటికి ఎలా తిరగాలో తెలియనట్టు. తర్వాత అంది, గట్టిగా, నీళ్ల మీద అవతలి పడవని పిలిచినట్టు.

"కొండలయ్య. కొండ కాదే అమ్మాయీ, కొండలయ్య. మీ నాన్న."

ఉష కిటికీలోంచి కళ్లు తిప్పలేదు. అలాగే అడిగింది.

"ఆయన రాలేదా?"